తాత చెప్పిన కథ, మనవరాలు రాసే కథ

ప్రశ్న: సార్, మాది జనగామ దగ్గర ఒక పల్లె. కురుమలం. మా తాత ఒగ్గు కథ చెప్పేవాడు. బీరప్ప కథ గాని, మల్లన్న కథ గాని మొదలుపెడితే తెల్లవారేదాకా చెప్పగలిగేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తాత చెప్పిన కథలు, ఇంట్లో మాట్లాడిన మాటలు నా ఫోన్‌లో చాలా ఉన్నాయి. అవి వింటూ కొన్ని పేజీలు రాశాను. ఒక పత్రికకు పంపితే ‘ఇది కథా, వ్యాసమా, జ్ఞాపకమా? ముందు ప్రక్రియ తేల్చుకోండి, భాష కూడా సరిచేసి పంపండి’ అన్నారు. ఆఫీసులో ఒక ఫ్రెండ్ చదివి ‘అస్తిత్వ సాహిత్యం కదా, ఇప్పుడు దీనికి మంచి గిరాకీ ఉంది’ అంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇక జీవితమంతా నన్ను కురుమ రచయిత్రి అనే అంటారా? మా పెదనాయనేమో ‘మన దేవుని కథ బయట పెడితే పలుచనైతది బిడ్డా’ అంటున్నాడు. నేను రాస్తున్నది ఏ ప్రక్రియ? ఏ భాషలో రాయాలి? అసలు రాసే హక్కు నాకుందా? నాలుగు పేజీలు జత చేస్తున్నాను. మా నాయనమ్మ ఇచ్చిన చాయ్ తాగి మేళం వాళ్లు డోలు సవరించుకునే దగ్గర మొదలవుతాయి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

ముందు నీ నాలుగు పేజీల సంగతి మాట్లాడుకుందాం. నువ్వడిగిన మూడు ప్రశ్నలకూ జవాబులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి.

మొదటి పేజీ చాలా బాగుంది. డోలు తాళ్లు బిగించుకోవడం, ముందు వరుసలో చోటు కోసం పిల్లలు తోసుకోవడం, మీ తాత నుదుట బండారి పెట్టుకుని గొంతు సవరించుకోవడం, అన్నీ కళ్లకు కట్టాయి. సరిగ్గా ఆయన నోరు తెరవబోయే సమయానికి నువ్వు అడ్డం వచ్చావు. ‘ఒగ్గు కథ అనగా తెలంగాణ ప్రాంతమందు కురుమ, యాదవ కులస్థుల ఆరాధ్య దైవముల గాథలను గానము చేయు జానపద కళారూపము’ అన్నావు. ఇది ఎవరికి చెబుతున్నావు? మీ వాకిట్లో కూర్చున్నవాళ్లకు ఆ ముక్క అక్కర్లేదు. పరీక్ష పేపరు దిద్దే మాస్టారి కోసం రాసిన వాక్యం ఇది. రెండో పేజీలో, బీరప్ప అక్క మాట వచ్చే చోట, మళ్లీ తాత గొంతు వినపడింది, ‘గప్పుడు అక్క మాంకాళి ఏమన్నది?’ అని. ప్రాణం లేచొచ్చింది. మూడో పేజీలో ‘తాతా, నువ్వు లేని సంక్రాంతి చప్పగా ఉంది, మిస్ యూ’ అన్నావు. అది ఫేస్‌బుక్‌లో ఆయన ఫొటో కింద పెట్టే మాట. అక్కడ పెడితే బంధువులంతా దండం గుర్తు పెడతారు, తప్పేం లేదు. నాలుగో పేజీకి వచ్చేసరికి ‘అంతరించిపోతున్న ఈ కళను కాపాడుకోవలసిన బాధ్యత మనందరిపై ఉన్నది’ అంటూ సన్మాన సభలో అధ్యక్షుడి ఉపన్యాసం మొదలైంది.

నాలుగు పేజీల్లో నాలుగు గుంపుల వైపు తిరిగి మాట్లాడావు. ప్రతి గుంపు వైపు తిరగ్గానే భాష మారిపోయింది, నువ్వెవరివో కూడా మారిపోయింది. ఒకచోట విద్యార్థినివి, ఒకచోట మనవరాలివి, ఒకచోట వక్తవి. పత్రిక వాళ్లు ‘ప్రక్రియ తేల్చుకోండి’ అన్నది దీని గురించే అయ్యుంటుంది. చెప్పిన తీరు పొడిగా ఉంది గాని, వాళ్లకు తగిలిన ఇబ్బంది నిజమైనదే.

ప్రక్రియ అనగానే మనకు బడిలో నేర్పిన జాబితా గుర్తొస్తుంది. కథ, నవల, శతకం, ఖండకావ్యం, వాటి లక్షణాలు. శతకానికి మకుటం ఉండాలని అందరం బట్టీ పట్టాం. ఆ లక్షణాలు అబద్ధం కాదు గాని, అవి ఎవరి అవసరం కొద్దీ పుట్టాయో పాఠం చెప్పదు. 1984లో కరొలిన్ మిల్లర్ అనే అమెరికన్ పండితురాలు ఒక వ్యాసంలో ఈ విషయాన్నే పట్టుకుంది. ఒకే రకం సందర్భం పదే పదే ఎదురైనప్పుడు జనం దానికి ఒకే రకంగా స్పందించడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటైన పనే ప్రక్రియ అని ఆవిడ వాదన. అంతకు ముందే రష్యాలో మిఖాయిల్ బఖ్తిన్, సాహిత్యం దాకా ఎందుకు, రోజూ మాట్లాడుకునే మాటలకు కూడా ఇలాంటి మూసలున్నాయని అన్నాడు.

ఏ ఊరి సెంటర్లోనైనా కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీని చూడు. మధ్యలో నాయకుడి నిలువెత్తు ఫొటో, పైన పార్టీ పెద్దల ముఖాలు, కింద గుండ్రటి గళ్లలో కుర్రాళ్లు, పక్కన ఎందుకో ఒక సింహం. ‘జన్మదిన శుభాకాంక్షలు’ అన్న అక్షరాలను ఎవరూ పట్టించుకోరు. ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉంది, ఎవరు ఎవరి పక్కన ఉన్నారు, పోయినేడు ఉన్నవాడు ఈసారి ఎందుకు లేడు అని చూస్తారు. పొరుగూరి వాడికి అది రంగుల గుడ్డ. ఆ ఊరివాడికి మాత్రం ఊళ్లో ఎవరి స్థానం ఏమిటో అందులో తెలుస్తుంది. కట్టినవాడికీ చదివేవాడికీ మధ్య ముందే ఒక ఒప్పందం ఉంది. ప్రక్రియ అంటే నా లెక్కలో ఆ ఒప్పందమే. అందుకే ఒక గుంపు ఏ రకం రాతలు, పాటలు వాడుకుంటుందో చూస్తే ఆ గుంపు తన గురించి తాను ఏమనుకుంటుందో చాలావరకు తెలుస్తుంది.

ఒగ్గు కథలో ఈ ఒప్పందం ఇంకా గట్టిది. కొమురవెల్లి మీకు దగ్గరే కాబట్టి చూసే ఉంటావు. సంక్రాంతి తర్వాత జాతర ఆదివారాల్లో ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నం అనే పెద్ద ముగ్గు వేసి, మల్లన్నను, గొల్ల కేతమ్మను, బలిజ మేడలమ్మను పాడుతుంటారు. చుట్టూ కూర్చున్నవాళ్లు కాలక్షేపానికి వచ్చినవాళ్లు కారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు. అక్కడ కథ పూజలో ఒక భాగం. కథకుడు అడుగుతాడు, వంత అందుకుంటాడు, డోలు జవాబు చెబుతుంది. జనంలో ఎవరికో పూనకం వస్తే కథ ఆగుతుంది. మళ్లీ ఎక్కడ మొదలవుతుందో కథకుడికి తెలుసు. ఇందులో కాగితం మీదికి వచ్చేది ఎంత? మాటలు వస్తాయి. మాటలు చేసిన పని రాదు. కాబట్టి ‘నేను ఒగ్గు కథ రాస్తున్నాను’ అనే ఆలోచనను ముందు పక్కన పెట్టు. ఒగ్గు కథ చెప్పాలంటే పట్నం కావాలి, మేళం కావాలి, మొక్కుకున్నవాళ్లు కావాలి. నీ దగ్గరున్నవి రికార్డింగులు, జ్ఞాపకాలు, ఎదురుగా ముఖం తెలియని పాఠకుడు. నువ్వు రాసేది వేరే వస్తువు.

మీ చుట్టుపక్కల ఇలాంటి ఒప్పందాలు ఇంకా చాలా ఉన్నాయి. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవాళ్లు డక్కలివాళ్లు. ముదిరాజులకు పటం విప్పి కథ చెప్పేవాళ్లు కాకిపడగలవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. ఇప్పుడు డ్రాయింగ్ రూముల్లో ఫ్రేము కట్టి వేలాడదీస్తున్న చేర్యాల బొమ్మలు పుట్టింది ఇలాంటి కథల కోసమే. నకాషీలు పొడుగాటి పటాల మీద ఆ పురాణాలు గీసిస్తే, చెప్పేవాళ్లు ఒక్కో ఘట్టం విప్పుతూ చెప్పేవారు. ఏ కథ ఏ కులానికి చెప్పాలో, ఎవరు చెప్పాలో, అందుకు ఏమివ్వాలో అన్నీ కట్టుబాట్ల ప్రకారం జరిగేవి. ‘మేమెవరం, ఎక్కడి నుంచి వచ్చాం, ఊళ్లో మాకు ఈ స్థానం ఎందుకొచ్చింది’ అన్న ప్రశ్నకు బడి పుస్తకాలు జవాబు చెప్పని కాలంలో ఆ కులం తనకు తాను చెప్పుకున్న జవాబులివి. ఊరు వెలివాడలో పెట్టిన కులం, తన పురాణంలో ఆది జాంబవుడు భూమి కంటే ముందే పుట్టాడని చెప్పుకుంది. ఆ మాట లోపల చెప్పుకుంటే బలం. బయటివాడి చేతిలో పడితే అది నవ్వులాట కావచ్చు, సినిమాలో ఐటం కావచ్చు. మీ పెదనాయన భయం ఇక్కడిది. దాన్ని పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయకు.

అలాగని ప్రక్రియలు ఎక్కడివక్కడే ఉండిపోవు. పాలకుర్తి మీ జిల్లాలోదే కదా. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవ పురాణం రాయడానికి పండితులు మెచ్చే, పద్యం వచనం కలిసిన చంపూ పద్ధతిని వదిలి ద్విపదను ఎంచుకున్నాడు. శివభక్తుల్లో చాకలి, కుమ్మరి, బోయ అందరూ ఉన్నారు. వాళ్లు కూడి పాడుకోవాలంటే రెండు పాదాలతో నడిచే పాట కావాలి. పండితులు ద్విపదను చాలాకాలం చిన్నచూపు చూశారు గాని, ఆయన ఎవరి కోసం రాశాడో ఆ ఛందస్సే చెబుతుంది. బుర్రకథ ఇంకో తమాషా. జంగం కథగా ఊరూరా తిరిగినదాన్ని 1940లలో ప్రజానాట్యమండలి అందుకుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ దాన్ని జనం ఉద్యమానికి గొంతుగా మార్చాడు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకో వంత రాజకీయం చెబుతాడు. పాత వీరుడి కథ నడుస్తుండగానే నిన్నటి సంగతిని చీల్చి చెండాడడానికి ఆ ఏర్పాటులోనే చోటుంది. తర్వాత్తర్వాత ప్రభుత్వమే అదే బుర్రకథతో కుటుంబ నియంత్రణ ప్రచారం చేయించుకుంది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇక 2023లో బలగం సినిమా చివర్లో బుడగ జంగాల పాట వస్తే ఏం జరిగిందో నీకు తెలుసు. చావు ఇంటి ముందు పాడే పాట తెర మీదికి వచ్చింది. ఊళ్లలో తెరలు కట్టుకుని జనం గుంపుగా కూర్చుని ఏడ్చారు. ఆ పాట ఏ కులం వాళ్లదో తెలియనివాళ్లు కూడా ఏడ్చారు.

వీళ్లందరూ ఒక రూపాన్ని ఒక గుంపు దగ్గర్నుంచి ఇంకో గుంపు దగ్గరికి తెలిసే తీసుకెళ్లారు. దారిలో ఏది పోతుందో, ఏది మిగులుతుందో చూసుకున్నారు. నువ్వు చేయాల్సింది కూడా ఆ లెక్క చూసుకోవడమే.

నీ మొదటి పేజీ ఎందుకు బాగుందంటే అక్కడ నువ్వు ముచ్చట చెప్పావు. మన దగ్గర ముచ్చటకు మంచి వంశమే ఉంది. పాలమూరు బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసర్, ప్రాచీన కావ్యాల మీద పరిశోధన చేసిన మనిషి. గ్రాంథికంలో గడగడా రాయగలదు. అయినా 1973లో ‘మా ఊరి ముచ్చట్లు’ వేసినప్పుడు ఊళ్లో ఆడవాళ్లు మాట్లాడే భాషలోనే వేసింది. అటు చిత్తూరు జిల్లా నుంచి నామిని, కావలి నుంచి ఖదీర్‌బాబు తమ ఇళ్ల సంగతులను కతలుగా చెప్పారు. అవి కథలా జ్ఞాపకాలా అని ఇవాళ ఎవరూ అడగడం లేదు. ఎందుకంటే చెప్పేవాడు మొదటి వాక్యం నుంచి చివరిదాకా ఒకే అరుగు మీద కూర్చుని చెప్పాడు. అరుగు మారితేనే పాఠకుడికి అనుమానం వస్తుంది. పత్రిక వాళ్ల ఫారంలో కథ, కవిత, వ్యాసం అని మూడు గళ్లే ఉంటే కథ దగ్గర టిక్కు పెట్టు. ఆ గడి వాళ్ల సౌకర్యం కోసం పెట్టుకున్నది.

పరీక్ష జవాబును, సభా ఉపన్యాసాన్ని కోసెయ్. మూడో పేజీలోని సంక్రాంతి బెంగను ఉంచు గాని ‘మిస్ యూ’ తీసెయ్. ఆ సంక్రాంతికి ఇంట్లో ఎవరు ఏం చేశారో రాస్తే బెంగ దానంతటదే తెలుస్తుంది. రికార్డింగులో ఉన్న కథను మాత్రం వేరే ఫైలుగా, ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకో. వంత ఎక్కడ అందుకున్నాడో, డోలు ఎక్కడ మోగిందో, జనం ఎక్కడ నవ్వారో కూడా రాయి. అది నీ రచన కాదు, తాత రచన. పైన ఆయన పేరే ఉండాలి. ఈ రెండింటినీ కలిపితేనే చిక్కు.

ఇక భాష. ‘భాష సరిచేసి పంపండి’ అన్న మాటకు నీకు కోపం వచ్చి ఉంటుంది, వస్తే న్యాయమే. సరైన తెలుగు అని ఇవాళ మనం అనుకుంటున్నది వందేళ్ల కిందట సరికాని తెలుగు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోట్లాడుతున్న రోజుల్లో, జయంతి రామయ్య వంటి పెద్దలు దాన్ని గ్రామ్యమని తోసిపుచ్చారు. గురజాడ 1897లో కన్యాశుల్కం అచ్చు వేసినప్పుడు అందులో విజయనగరం ఇళ్లలో, వీధుల్లో మాట్లాడే తెలుగు ఉంది. చివరికి వాడుక భాష గెలిచింది, నిజమే. కానీ గెలిచింది ప్రధానంగా కృష్ణా, గోదావరి, గుంటూరు వైపు చదువుకున్నవాళ్ల వాడుక. పత్రికలు, పాఠ్యపుస్తకాలు దానితో నడిచాయి. జనగామ పిల్లకు అదీ ఒక మాండలికమే, అచ్చులో కనపడే మాండలికం. ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఆ గిడుగే పర్లాకిమిడి దగ్గర సవర గిరిజనులకు చదువు చెప్పాలని ముందు తాను వాళ్ల భాష నేర్చుకున్నాడు, నిఘంటువు, వ్యాకరణం రాశాడు. ఆయన్ని వాడుక భాష జెండాగా పట్టుకున్నవాళ్లలో చాలామందికి ఈ రెండో సగం గుర్తుండదు.

అయితే పత్రిక వాళ్ల మాటలో ఒక పావు వంతు నిజముంది. నీ పేజీల్లో ‘గ’ కారాలు మరీ ఎక్కువయ్యాయి. ‘గా పొద్దు గా తాత గా డోలు’ అని మీ ఇంట్లో ఎవరైనా మాట్లాడతారా? అది మన సినిమాలు నేర్పిన తెలంగాణ. దశాబ్దాల పాటు ఈ యాసను రౌడీకి, కమెడియన్‌కు ఇచ్చి, వినగానే నవ్వు రావాలని ప్రేక్షకుడి చెవికి తర్ఫీదు ఇచ్చారు. మనం తెలంగాణవాళ్లమని నిరూపించుకోవాలనే తాపత్రయంలో మళ్లీ అదే రాసేస్తాం. నీకు సినిమా చెవి అక్కర్లేదు, రికార్డింగు ఉంది. విని చూడు. మీ తాతది ఒక భాష కాదు. దేవుణ్ని పొగిడేటప్పుడు సంస్కృతం మాటలు దొర్లుతాయి. కథ నడిపేటప్పుడు ఊగుతూ సాగే వచనం. అక్కాతమ్ముళ్లు కొట్లాడుకునేటప్పుడు అచ్చం మీ వాడ మాట. మేళం వాళ్లతో బేరమాడేటప్పుడు ఇంకోటి. ఏ సందర్భంలో ఏ భాష తీయాలో తెలియడమే ఆయన విద్య. నువ్వు కూడా పొద్దున ‘డియర్ టీమ్’ అని మెయిల్ కొట్టి, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ‘ఏం జేస్తున్నవే’ అంటావు. రెండూ నువ్వే. అందులో ఏదో ఒకటే అసలు నువ్వని తేల్చమని ఎవరైనా అడిగితే పట్టించుకోకు.

కాబట్టి తాత మాట్లాడితే తాత భాష. కథ చెప్పే ‘నేను’ మాత్రం నీ వయసు, నీ ఉద్యోగం, నీ హైదరాబాద్ కలిసిన భాషలోనే మాట్లాడాలి. నీకు డెబ్బై ఏళ్లున్నట్టు నటించకు. ఇంకొకటి, బండారి అంటే పసుపు అని ఎవరికీ వివరించకు. ‘చెమటకు నుదుటి బండారి కనుబొమల్లోకి పచ్చగా కారింది’ అని రాస్తే విశాఖపట్నంలో చదివే వాళ్లకూ అర్థమవుతుంది, మీ ఊళ్లో చదివేవాళ్లకు చిన్నపిల్లలకు చెప్పినట్టూ ఉండదు.

నీ టెన్షన్ సంగతి. నీ ఉత్తరం రెండో వాక్యంలోనే ‘కురుమలం’ అని రాశావు, ఉద్యోగం సంగతి తర్వాత చెప్పావు. అంటే ఆ మాట అంటే నీకు సిగ్గు లేదు, భయమూ లేదు. నిన్ను గుచ్చింది ‘గిరాకీ’ అన్న మాట. అది గుచ్చాల్సిందే. మన పేరు మనం పెట్టుకోవడం వేరు, అంగట్లో చీటీ అంటించడం వేరు. తెలుగులో మొదటి దానికి గొప్ప ఉదాహరణలున్నాయి. తెలంగాణలో కవులే లేరని ఎవరో ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగకుండా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశాడు. సంకలనం అనే మామూలు ప్రక్రియ, అక్కడ ఒక ప్రాంతం వేసుకున్న హాజరుపట్టీ అయింది. 1990లలో స్త్రీలు ‘నీలిమేఘాలు’, దళితులు ‘చిక్కనవుతున్న పాట’, ముస్లింలు ‘జల్జలా’ తెచ్చినప్పుడు చేసింది కూడా ఆ పనే. విడివిడిగా ఉన్నప్పుడు ‘వీడి బాధ వీడిది’ అని పక్కన పెట్టగలిగినవాళ్లు, ఒక్క అట్టలో అంతమందిని చూశాక అలా అనలేకపోయారు.

జాషువాది ఇంకో దారి. తనకంటూ వేరే ప్రక్రియ ఏదీ కావాలనలేదు. కాళిదాసు వాడిన సందేశ కావ్యాన్నే తీసుకున్నాడు. అక్కడ యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరానివాడు గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. పండితులు తమ సొంతమనుకున్న రూపంలో, వాళ్లు కాదనలేని పద్యంలో రాశాడు. ఆ ఒక్క ఏర్పాటు చాలు, మిగతాదంతా పద్యాలు చూసుకున్నాయి. ఇలా రాసినవాణ్ని ఏ గడిలో పెడతారు?

గిరాకీ వైపు ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచను. ఒకసారి చీటీ అంటితే ప్రతిసారీ అదే సరుకు అడుగుతారు. దళిత రచయితను ఆకలి రాయమంటారు, ముస్లిం రచయితను బుర్ఖా రాయమంటారు, నిన్ను గొర్రెలు, గొంగడి రాయమంటారు. గొంగడి రాయాలనిపించినప్పుడు రాయి. తర్వాత మాదాపూర్ హాస్టల్లో దయ్యం కథ రాయాలనిపిస్తే అదీ రాయి. అది కూడా కురుమ అమ్మాయి రాసిన దయ్యం కథే, అందులో దయ్యం మాట్లాడే తీరు ఇంకెవరి కథలోనూ ఉండదు.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి ఒకటి. నీ ఉత్తరంలో, నీ నాలుగు పేజీల్లో తాత లేని వాక్యం లేదు. మీ నాయనమ్మ ఒక్కసారే వచ్చింది, చాయ్ ఇవ్వడానికి. ఒగ్గు కథ మగవాళ్ల విద్యగానే సాగింది. కథలో అక్క మాంకాళి వేషం కూడా మగవాడే కడతాడు. మనవడివైతే డోలు నీ మెడలో వేసేవారేమో. మనవరాలివి కాబట్టి దూరంగా కూర్చుని ఫోన్‌లో రికార్డు చేశావు. వారసత్వంగా నీకు వచ్చింది వినడం. ఈ సంగతి నీ రచనలో ఎక్కడా లేదు, అసలు కథ అక్కడుంది. మరి మీ ఇంట్లో ఆడవాళ్ల ప్రక్రియ ఏది? నాట్లప్పుడు పాడుకునే పాటలు, చావుల దగ్గర పెట్టే శోకాలు, బతుకమ్మ. ‘ఉయ్యాలో’ అని ఒక పల్లవి ఉంటే చాలు, అందులో పురాణం పెట్టొచ్చు, అత్తగారి ఆరళ్లు పెట్టొచ్చు, దొర మీద కోపం పెట్టొచ్చు, పెట్టారు కూడా. తెలంగాణ ఉద్యమంలో అదే జెండా అయింది, 2014లో రాష్ట్ర పండుగ అయింది. ఇవాళ డాలస్‌లో, లండన్‌లో మన ఆడపిల్లలు ఆడుతున్నారు. ఊళ్లో ఒక్కో వాడవాళ్లు వేరువేరుగా బతుకమ్మ ఆడిన చోట్లు ఉన్నాయి. అక్కడికి వెళ్లాక అందరిదీ ఒకటే బతుకమ్మ, దాని పేరు తెలంగాణ. పాట అదే, అది చూపించే ‘మేము’ మారింది. నాయనమ్మ ఉంటే వెంటనే వెళ్లి కూర్చో. కథ చెప్పి తెల్లవారి ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టిన ఆవిడ, ఆ కథ గురించి ఏమనుకుందో అడుగు. తాతగారి రికార్డింగుల్లో అది దొరకదు.

చివరిగా హక్కు. పట్నం వేసేటప్పుడు చదివే మాటలు, పూజలో భాగంగా మాత్రమే చెప్పే ఘట్టాలు నీ పుస్తకంలోకి తేవద్దు. పెదనాయన ఒద్దన్నది ప్రధానంగా వాటినే అయ్యుంటుంది, కూర్చోబెట్టి ఒక్కో ఘట్టం పేరు చెప్పి ఏది పెట్టొచ్చో, ఏది కూడదో అడుగు. ‘అన్నీ వద్దు’ అన్న మనిషే, విడివిడిగా అడిగితే ‘అది పెట్టుకో, అది అందరెరిగిందే’ అంటాడు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటివాళ్లు ఒగ్గు కథను సభా వేదికల మీదికి తెచ్చారని ఆయనకూ తెలుసు. వాళ్లేం తెచ్చారో, ఏం గుడి దగ్గరే ఉంచేశారో నీకంటే ఆయనకే బాగా తెలుస్తుంది. అడిగాక కూడా కాదన్న భాగాన్ని వదిలెయ్. వదిలేశానని కథలోనే చెప్పొచ్చు, దాచుకోవాల్సిన పని లేదు.

కానీ మీ ఇంటి వాకిలి, మీ నాయనమ్మ, మేళం బేరాలు, నువ్వు, నీ ఫోను, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తాత కథలను పుస్తకంగా వేసే రోజు వస్తే మాత్రం ఆయనతో పాతికేళ్లు వంత పాడినవాళ్ల పేర్లు కూడా అట్ట మీద ఉండాలి, డబ్బు వస్తే వాళ్లకూ భాగం ఉండాలి. రికార్డింగుల్లో గొంతు ఆయన ఒక్కడిదే కాదు కదా. ఈ లోపు ఆ ఫైళ్లన్నీ ఫోన్ నుంచి తీసి రెండు చోట్ల దాచిపెట్టు. ప్రతిదానికీ ఏ ఊళ్లో, ఏ పండుగకు, ఎవరెవరు ఉన్నప్పుడు చెప్పిందో రాసిపెట్టు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి మేళం పెద్దకు ఇచ్చిరా. వెళ్లినప్పుడు, నీకు అర్థం కాని మాటల జాబితా ఒకటి తీసుకెళ్లు. వాటికి అర్థం ఏ నిఘంటువులోనూ దొరక్కపోవచ్చు, అక్కడ దొరుకుతుంది.